గుండ్రటి గాజు తలుపు ముందు కూర్చున్న రోజులు

పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. కూరలూ, మోకాళ్ళ నొప్పులూ, పక్కింటి వాళ్ళ పెళ్ళి సంబంధం అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తుందనగా చెప్పింది: "మన వాషింగ్ మెషిన్ భాయ్ పోయాడటే. మందుల షాపతను చెప్పాడు."

ఆయనకి పేరు లేకేం, ఉంది. కానీ మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. నాన్న ఫోన్ డైరీలో కూడా "వ" పేజీలో వాషింగ్ మెషిన్ భాయ్ అనే రాసి, నంబరు మారినప్పుడల్లా కొట్టేసి పక్కన కొత్తది రాసేవారు. ఆ పేజీ అంతా ఆయనవే నంబర్లు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఆయన ముఖం గుర్తు రాలేదు. మా మెషిన్ వెనక రేకు విప్పి లోపలికి తల పెట్టిన ఆయన వీపే గుర్తొచ్చింది. దాని వెంటే మెషిన్ కూడా వచ్చేసింది, తెల్లగా, బరువుగా, బాత్రూమ్ గుమ్మం పక్కన.

*

మాది హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ కాలనీ. ఇప్పుడు ఆ పేరు చెబితే మెట్రో స్టేషనూ మాల్సూ గుర్తొస్తాయి గానీ, నా చిన్నప్పుడు హౌసింగ్ బోర్డు వాళ్ళ చిన్న చిన్న ఇళ్ళు, ఇంటి ముందో వెనకో కాస్త ఖాళీ జాగా, అందులో ఒక కరివేపాకు చెట్టు, ఒక ఉతికే బండ. నాన్నది బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో టూల్ రూమ్ ఉద్యోగం, అంటే ఇనప భాగాలు చేసే అచ్చులూ పనిముట్లూ తయారుచేసే చోట. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం.

మెషిన్ రాకముందు మా బట్టలు ఉతకడానికి ఒకావిడ వచ్చేది. అత్తా అని పిలిచేవాళ్ళం. పొద్దున్నే వచ్చి బకెట్లో నానబెట్టిన బట్టలు బండ మీద వేసి కొడుతుంటే ఆ చప్పుడుకే నేనూ తమ్ముడూ లేచేవాళ్ళం. ఒక్కో బట్టకీ ఒక్కో చప్పుడు. దుప్పటి పడితే దబ్‌మనేది, బనీను పడితే చప్‌మనేది. తెల్లవాటికి నీలిమందు, అమ్మ నూలు చీరలకి గంజి. ఆ గంజి కూడా అన్నం వార్చినదే, పలచగా చేసి, వడగట్టి. తర్వాత్తర్వాత నీలిమందు పొట్లం పోయి ఉజాలా సీసా వచ్చింది.

నాన్న మెషిన్ కొంటానన్నప్పుడు అందరికంటే ముందు వద్దన్నది అమ్మే. ఆ డబ్బుతో నాలుగు గాజులు వస్తాయని ఆవిడ లెక్క. రెండోది అత్త. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "గా డబ్బల ఏస్తే కాలర్ మురికి పోతదా అమ్మా? బండ మీద నాలుగు దెబ్బలు పడాలె" అంది. తన పని పోతుందన్న భయం ఆ మాటలో ఉందని అప్పుడు నాకు తెలియదు. అమ్మకి తెలుసు. అందుకే మెషిన్ వచ్చాక కూడా ఆమెను మాన్పించలేదు, అంట్లూ, దుప్పట్లూ, బట్టలు ఆరెయ్యడం ఆమెకే ఉంచింది. కొన్నేళ్ళకి ఆమే మానేసి, మొగుడితో కలిసి రెండు వీధుల అవతల ఇస్త్రీ బండి పెట్టుకుంది. మెషిన్‌లోంచి వచ్చిన చొక్కాలు అలా మళ్ళీ ఆమె చేతికే వెళ్ళేవి. కాలర్ వేలితో రుద్ది చూసి, ఏమీ అనకుండా, నావైపు ఒక చూపు చూసి నీళ్ళు చల్లేది.

*

అప్పట్లో మా లైన్లో ఒకటో రెండో ఇళ్ళల్లో రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషిన్లు ఉండేవి, ఎక్కువగా వీడియోకాన్‌వి. ఒక తొట్లో ఉతకడం, రెండో తొట్లో పిండడం. ఈ తొట్లోంచి ఆ తొట్లోకి మార్చడం, నీళ్ళు పట్టడం, వదలడం అన్నీ మనమే. నాన్నకి అది నచ్చలేదు. "మనం నిలబడే ఉండాలంటే ఇంక మెషిన్ ఎందుకు?" అనేవారు. ఆయన మనసంతా ముందు తలుపు ఉండే ఆటోమేటిక్ మీదే. ఆ రోజుల్లో అలాంటిది అంటే అందరూ చెప్పే పేరు ఐఎఫ్‌బీ. ఆ మూడు అక్షరాలకి ఇండియన్ ఫైన్ బ్లాంక్స్ అని అర్థమనీ, వాళ్ళు 1974లో స్విట్జర్లాండ్ సాయంతో మొదలైంది బట్టలతో కాదు, ప్రెస్‌లో సన్నటి ఇనప భాగాలు కత్తిరించే పనితోననీ నాన్నకి తెలుసు. "టూల్ రూమ్ వాళ్ళ కంపెనీ" అని, తన సొంత అన్నదమ్ములదైనట్టు చెప్పుకునేవారు.

చివరికి ఏ కంపెనీది కొన్నామో మాత్రం చెప్పను. ఎందుకంటే ఇక్కడ్నుంచి నేను చెప్పబోయే కష్టాలు ఆ మెషిన్‌వి కావు, మా నీళ్ళవీ, మా కరెంటువీ, మా ఎలకలవీను.

ఫ్యాక్టరీ సొసైటీలో లోను పెట్టి, ఆబిడ్స్‌లో బేరమాడి, ఆటో ట్రాలీలో వేసుకొచ్చారు. నలుగురు మనుషులు దించడానికి అవస్థ పడ్డారు. "ఖాళీ డబ్బాకి ఇంత బరువేంటండీ" అని ఒకతను అడిగితే నాన్న సంబరపడిపోయి అక్కడే పాఠం మొదలెట్టారు. లోపల సిమెంటు దిమ్మ ఉంటుంది, డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంది, తడిబట్టలు ఒకవైపు చేరి జోరుగా తిరిగితే మొత్తం ఎగిరిపడుతుంది, అలా ఎగరకుండా ఆ బరువు. వాళ్ళు వింటూ చెమట తుడుచుకున్నారు. అమ్మ లోపల్నుంచి, "ముందు వాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వండి, ఆ పాఠం తర్వాత" అని అరిచింది.

వెనక నుంచి తీసేసిన పెద్ద బోల్టులు నాన్న ఒక డబ్బాలో దాచారు. దారిలో డ్రమ్ము ఊగకుండా బిగించేవి అవి. తియ్యకుండా నడిపితే మెషిన్ గదంతా తిరుగుతుంది. పక్క లైన్లో ఒకాయన తియ్యడం మర్చిపోయి, మెషిన్ గోడని కొట్టుకుంటూ తలుపు దాకా వచ్చేసిందని కాలనీ అంతా నవ్వుకున్నాం.

*

మొదటి రోజు మా ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు. నాయనమ్మతో సహా అందరం గుండ్రటి గాజు ముందు కూర్చున్నాం. పిన్ని వాళ్ళూ వచ్చారు. నీళ్ళు వచ్చాయి, బట్టలు ఇటు నాలుగు చుట్లు తిరిగాయి, ఆగాయి, అటు నాలుగు చుట్లు తిరిగాయి. నాన్న లుంగీ గాజుకి అంటుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోవడం, తమ్ముడి ఎర్ర నిక్కరు కనబడగానే వాడు "అదిగో నాది" అని అరవడం. నాయనమ్మ చివరిదాకా చూసి, "అంతా బానే ఉంది గానీ ఇన్ని తక్కువ నీళ్ళతో మురికెక్కడికి పోతుందిరా?" అని అడిగింది. ఆవిడ సందేహం తీరలేదు. తన చీరలు చివరిదాకా తనే జాడించుకుంది.

నాకు అన్నిటికంటే గుర్తున్నది చప్పుళ్ళే. ఇప్పటి మెషిన్లు పని అయ్యాక ఒక పాట పాడతాయి. దానికి పాట లేదు. నాబ్ లోపల ఎక్కడో చిన్న మోటారు, పళ్ళచక్రాలు, వాటి మీద ఎత్తుపల్లాలు, ఆ ఎత్తులు ఒక్కో స్విచ్చునీ నొక్కుకుంటూ పోవడం, ఇదంతా నాన్న నా లెక్కల నోట్‌బుక్ వెనక బొమ్మ గీసి చెప్పారు. అది టిక్కు టిక్కుమంటూ కదిలేది. నీళ్ళ వాల్వు తెరుచుకుంటే సన్నగా జుయ్‌మనేది. పంపు నీళ్ళు తోడేసేటప్పుడు గొంతు గరగర. చివర్లో జోరుగా తిరగడం మొదలయ్యే ముందు ఒక్క క్షణం మొత్తం నిశ్శబ్దం, ఆ తర్వాత హుమ్మని లేచి, వంటింట్లో స్టాండులో గిన్నెలు కూడా గలగలమనేవి. అన్నీ అయ్యాక ఒకటి రెండు నిమిషాలు తలుపు రాదు. తాళం లోపల వేడెక్కిన రేకు చల్లారాలి, అప్పుడు టక్కుమంటుంది. ఆ టక్కు వినబడేదాకా నేనూ తమ్ముడూ చెయ్యి హ్యాండిల్ మీద పెట్టుకుని పోటీ.

అమ్మ పని మొత్తం ఆ చప్పుళ్ళతోనే లెక్క. రెండోసారి నీళ్ళు పట్టే చప్పుడు రాగానే పప్పు పొయ్యి మీద పెట్టేది. జోరు చప్పుడు రాగానే నన్ను మేడ మీదికి తోలేది, తీగ తుడవడానికి. గడియారం చూసేది కాదు.

అలాగని అమ్మకి పని తగ్గిందా అంటే నాకు అనుమానమే. టీవీ ప్రకటనల్లో ఆడవాళ్ళు మెషిన్ పక్కన నవ్వుతూ పుస్తకం చదువుకునేవారు. మా అమ్మ మెషిన్‌లో వేసే ముందు ప్రతి కాలరూ సబ్బు పెట్టి బ్రష్‌తో రుద్దేది. జేబులు వెతికేది. రంగులు పోయేవి వేరు, తెల్లవి వేరు, కొత్త మంగళగిరి చీర అసలు దగ్గరికే రానిచ్చేది కాదు. ఒకప్పుడు నెలకోసారి ఉతికే దుప్పట్లు ఇప్పుడు వారం వారం. కర్టెన్లు కూడా. మెషిన్ ఉంది కదా అని చుట్టాలు పట్టుకొచ్చే రగ్గులు వీటికి అదనం.

*

నీళ్ళ సంగతి చెప్పాలి. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, వాటిని తాగడానికీ వంటకీ పట్టుకోవాలి. మెషిన్‌కి బోరు నీళ్ళే గతి. ఆ నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి గార కట్టేది. మేడ మీది ట్యాంకులో నీళ్ళు సగానికి దిగితే మెషిన్‌లోకి ధార సన్నబడిపోయేది. పైపు మొదట్లో ఉండే చిన్న జాలీలో ఇసుక చేరితే అది కూడా ఆగిపోయేది. అప్పుడు నాన్న పళ్ళు తోముకునే పాత బ్రష్ పట్టుకుని వచ్చేవారు.

ఎండాకాలం కరెంటు కోతలు. ఈ ఒక్క విషయంలో ఆ పాత నాబ్ మెషిన్‌కి నేను వందకి వంద మార్కులు వేస్తాను. కరెంటు పోతే నాబ్ ఎక్కడుందో అక్కడే ఆగిపోయేది. మళ్ళీ రాగానే, మనం ఏమీ నొక్కక్కర్లేదు, ఆగిన చోట నుంచే మొదలు. అర్ధరాత్రి కరెంటు వచ్చి, మధ్యాహ్నం వేసిన బట్టలు ఒక్కసారిగా తిరగడం మొదలెడితే నాయనమ్మ ఉలిక్కిపడి లేచి దేవుణ్ణి తలుచుకునేది. బట్టలు అంతసేపు సబ్బునీళ్ళలో నానితే ఒక వాసన పడుతుంది. తలుపు చుట్టూ ఉండే బూడిద రంగు రబ్బరు మడతలో కూడా అదే వాసన. దాన్ని పొడిగుడ్డతో తుడిచి తలుపు ఓరగా తెరిచి పెట్టడం నా డ్యూటీ.

ఆ రబ్బరు మడతలో దొరికినవన్నీ నావే అని ఒప్పందం. పావలాలు, పిన్నీసులు, అమ్మ జాకెట్ల హుక్కులు, నాన్న బస్సు టికెట్ల గుజ్జు. మడత దాటి కిందకి పోయినవి పంపు దగ్గర జాలీలో దొరికేవి. అది విప్పితే కింద నీళ్ళ మడుగే.

*

ఇక నురగ కథ. ముందు తలుపు మెషిన్‌కి నురగ తక్కువ వచ్చే పౌడరే వాడాలి. 1991లో ఏరియల్ వచ్చాక ఇలాంటి కొత్త పౌడర్ల మాట ఇళ్ళల్లో వినబడటం మొదలైంది గానీ, ఖరీదెక్కువ. అమ్మ దాన్ని బంగారంలా చెంచాతో కొలిచి వేసేది. ఒకసారి అమ్మా నాన్నా ఊరికి వెళ్ళినప్పుడు బాబాయ్ కాపలా ఉన్నాడు. ఆ కొద్దిపాటి పౌడరుతో బట్టలు ఎలా శుభ్రపడతాయని, అంట్ల దగ్గర ఉన్న మామూలు బట్టల పౌడరు మూడు దోసిళ్ళు సొరుగులో గుమ్మరించాడు. కాసేపటికి గాజు మొత్తం తెల్లబడింది. బట్టలు కనబడవు. తర్వాత సొరుగు సందులోంచి నురగ ముక్కు బయట పెట్టింది. ఆ తర్వాత బాత్రూమ్, వరండా, మెట్లు. బాబాయ్ చీపురుతో తోస్తుంటే ఇంకా ఎక్కువవుతోంది. తమ్ముడికైతే పండగే.

నేను పరిగెత్తుకెళ్ళి భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన విని, నవ్వకుండా అడిగాడు: "ఇంట్ల ఉప్పుందా బేటా? గుప్పెడు సొరుగుల ఎయ్యి. మెషిన్ బంద్ చెయ్యి. నేనొస్తున్న." వచ్చేసరికి నురగ కొంచెం కుంగింది. ఆయన సైకిల్ గోడకి ఆనించి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బాబాయ్ వైపు చూసి, "సార్, ఇంటికి సున్నం ఏపిచ్చిన్రా?" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ కథ మాత్రం కాలనీలో ప్రతి ఇంట్లో చెప్పాడు, అది ఆయన ఫీజు.

భాయ్ దగ్గర ఒక రెక్సిన్ సంచి. అందులో స్పానర్లు, ఒక టెస్టర్, ఇన్సులేషన్ టేపు, కార్బన్ బ్రష్‌లు, రెండు మూడు బెల్టులు. మెషిన్ ఆన్ చేయించి, పై రేకు మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "బేరింగ్ ఏడుస్తుంది" అనో, "బ్రష్ అయిపోయినయ్" అనో చెప్పాకే విప్పేవాడు. ఎక్కువసార్లు కరెక్టే. నాన్నా ఆయనా కలిస్తే ఇక మాకు ఆ పూట మెషిన్ లేనట్టే. ఇద్దరూ నేల మీద ముక్కలన్నీ వార్తాపత్రిక పరిచి పేర్చుకుని, టీ మీద టీ తాగుతూ, ఈ రాడ్డు ఇంత సన్నంగా ఎందుకు చేశాడు, ఇక్కడ ఇత్తడి బుష్ వేస్తే ఎలా ఉంటుంది అని. కొన్ని బుష్‌లు నాన్న నిజంగానే ఫ్యాక్టరీ పక్కనున్న లేత్ షాపులో చేయించి తెచ్చారు. అవి అసలువాటికంటే ఎక్కువ కాలం వచ్చాయి.

నీళ్ళు కాచే రాడ్డుకి గార కట్టి నీళ్ళు వేడెక్కడం మానేసినప్పుడు అమ్మ మెషిన్‌ని తిట్టుకుంటుంటే భాయ్ అన్నాడు: "అమ్మా, మీ మెషిన్‌కి బీమారీ లేదు. మీ నీళ్ళకే బీమారీ." కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఖాళీ డ్రమ్ములో వేసి, అన్నిటికంటే వేడి ప్రోగ్రామ్‌లో ఒకసారి తిప్పమన్నాడు. ఆ వైద్యం నేను ఇప్పటికీ చేస్తాను. ఎలకలకి కూడా ఆయనే మందు కనిపెట్టాడు. చలికాలం కింద నుంచి దూరి వైర్లు కొరికేస్తుంటే అడుగున ఇనప జాలీ కట్టించాడు.

*

ఉద్యోగానికి న్యూజెర్సీ వెళ్ళిన కొత్తలో అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లో అందరికీ కలిపి మెషిన్లు. పావు డాలరు బిళ్ళలు వరసగా పేర్చి లోపలికి తోస్తే గానీ కదలవు. ఆ బిళ్ళల కోసం బ్యాంకుకి వెళ్ళి రోల్స్ తెచ్చుకునేవాళ్ళం. పై నుంచి మూత తీసేవి అవి, లోపల నడిమధ్యన నిలువుగా రెక్కల స్తంభం ఒకటి. అమ్మ వచ్చినప్పుడు మూత తీసి తొంగిచూసి, "ఇది రుబ్బురోలూ పొత్రమే కదే" అంది. తిరుగుతుండగా మూత ఎత్తితే ఆగిపోవడం ఆవిడకి బాగా నచ్చింది, మధ్యలో మర్చిపోయిన బనీను వెయ్యొచ్చుగా. అక్కడ పాత మేటాగ్ మెషిన్ ఒకటి ఉండేది, ఆ బ్లాకులో అందరూ దాని కోసమే వరస కట్టేవారు. ఆ కంపెనీని 2006లో వర్ల్‌పూల్ కొనేసిందని నాన్నకి చెబితే ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. ఆయన మేటాగ్‌ని ఎప్పుడూ చూడలేదు కూడా.

సెల్లార్‌లో ఎవరి బట్టలు అయిపోతే ఎవరు తీస్తారన్న దాని మీద గొడవలు. ఒక గుజరాతీ ఆంటీ నా బట్టలు తీసి, మడతలు కూడా పెట్టి బుట్టలో ఉంచేది. నేను లోదుస్తుల సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

*

మా పాత మెషిన్‌ని చివరికి పంపించింది భాయే. డ్రమ్ముని వెనక పట్టుకునే మూడు చేతుల చక్రం తినేసిపోయింది. "ఈ పార్ట్ ఇప్పుడు రాదు సార్" అన్నాడు. నాన్న లేత్ షాపు పేరెత్తితే తల అడ్డంగా ఊపాడు. అప్పటికి ఆయనకీ తల నెరిసింది, సైకిల్ పోయి స్కూటర్ వచ్చింది, ఎక్కువగా ఏసీల పని చేస్తున్నాడు. కొత్త మెషిన్లలో బోర్డు పోతే బోర్డు మార్చడమే, "అండ్ల నాకేం పని?" అనేవాడు.

పాత ఇనుము కొనే అతను వచ్చి తూకం వేస్తూ, సిమెంటు దిమ్మ నాకొద్దు, దాన్ని తీసెయ్యండి అన్నాడు. భాయే బోల్టులు విప్పి ఇచ్చాడు. గాజు తలుపు గిన్నె మాదిరి బాగుందని అమ్మ ఉంచుకుంటానంది గానీ అతను ఒప్పుకోలేదు. డ్రమ్ము మాత్రం బాబాయ్ ఊరికి పట్టుకెళ్ళాడు. స్టీలు కదా, ఒళ్ళంతా కన్నాలు, మొక్కజొన్న కంకులు కాల్చడానికి బ్రహ్మాండం. నురగ విషయంలో జరిగిన అవమానానికి ఇలా పగ తీర్చుకున్నానంటాడు.

ఇప్పుడు అమ్మ దగ్గరున్నది తనే బరువు చూసుకుని, తనే నీళ్ళు కొలుచుకునే మెషిన్. అమ్మకి దాని కొలత మీద నమ్మకం లేదు. అది మొదలెట్టగానే సొరుగు తీసి రెండు చెంబులు పైనుంచి పోస్తుంది. వద్దమ్మా అంటే, "దానికేం తెలుసు మీ నాన్న బనీన్ల సంగతి" అంటుంది. గుమ్మం ముందు పట్టాలూ, మసిగుడ్డలూ మాత్రం అందులో వెయ్యదు. వాటికి పెరట్లో కుళాయి కింద వేరే ఏర్పాటు ఉంది. ఇల్లు బాగు చేయించినప్పుడు పాత ఉతికే బండ తీసేశారు, దాని స్థానంలో నాన్న ఆ సిమెంటు దిమ్మ పడుకోబెట్టారు. అంచు ఒకచోట పెచ్చు ఊడితే మళ్ళీ పూత పూశారు. బోల్టు కన్నం ఒకటి సరిగ్గా అరిగిన సబ్బు బిళ్ళ పట్టేంత ఉంది.